గాలపు ఎరల పోతకు వంటగది తగిన చోటు కాదు

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ పత్రిక అనుబంధంలో మెత్తటి ప్లాస్టిక్ ఎరలను, సీసపు తలలున్న జిగ్గులను (తల దగ్గర బరువు పోసిన గాలపు ముళ్లను) ఇంట్లోనే పోసుకోవడం ఎలాగో చెబుతూ ఒక నిండు పేజీ వ్యాసం వచ్చింది. వానపాము, గోధుమపిండి ముద్ద తప్ప వేరే ఎర ఎరగకుండా గాలం పట్టిన మా తరం వాళ్లకు, ఇలాంటి విషయం మీద తెలుగులో అంత వివరంగా ఒక వ్యాసం రావడమే సంతోషం. ఎర తోక ఏ ఆకారంలో ఉంటే నీళ్లలో ఎలా ఆడుతుందో, మబ్బు పట్టిన రోజున ఏ రంగు పనికొస్తుందో చెప్పిన భాగం చెరువు గట్టున నిజంగా నిలబడిన మనిషి రాసినట్టే ఉంది. అయితే ఆ వ్యాసం మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఈ పనిని వంటగది పనిగానే చెప్పుకుంటూ పోయింది. గ్యాస్ పొయ్యి, పాత మూకుడు, గుంత గరిటె, మైక్రోవేవ్ ఓవెన్, ఫ్రిజ్‌లోని ఐసు నీళ్లు ఉంటే చాలునని, అమ్మ మధ్యాహ్నం నిద్రపోయే వేళ చూసుకుని మొదలుపెట్టవచ్చునని సరదాగా రాశారు. ఆ సరదాలో దాగి ఉన్న ప్రమాదాన్ని తెలిసినవాణ్ణిగా చెప్పకుండా ఉండలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఒక పారిశ్రామిక శిక్షణ సంస్థలో మౌల్డర్ ట్రేడ్ బోధించి పదవీ విరమణ చేసి తిరుపతిలో స్థిరపడ్డాను. ఇసుక అచ్చులు, మట్టి మూసలు, కరిగిన లోహం, వీటి నడుమే నా ఉద్యోగమంతా గడిచింది. గాలం వేయడం చిన్ననాటి నుంచి ఉన్న అలవాటు. మెత్తటి ఎరలు పోసుకోవడం పదేళ్ల కిందట మొదలుపెట్టాను, ఇప్పటికీ పోస్తూనే ఉన్నాను. కాబట్టి ఈ పనే వద్దని చెప్పే ఉద్దేశం నాకు లేదు. ఎక్కడ చేయాలి, దేన్ని కరిగించాలి, దేన్ని ఇంటి గడప లోపలికి రానివ్వకూడదు అన్నంత వరకే నా అభ్యంతరం.

మా పక్కింటి అబ్బాయి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఆదివారం మధ్యాహ్నం మీ అనుబంధం పేజీని నాలుగు మడతలు పెట్టి పట్టుకుని వచ్చి, “తాతా, మీ దగ్గర పాత మూకుడేమన్నా ఉందా? సీసం కరిగించల్ల. మాయమ్మ మూకుడు ముట్టుకుంటే ఊరుకోదు” అన్నాడు. రెండో చేతిలో పాలిథిన్ సంచి ఉంది. అందులో టైర్ల దుకాణాల ముందు ఏరుకొచ్చిన బ్యాలెన్సింగ్ బరువులు, చక్రాల అంచుకు తగిలించే ఆ చిన్న ముక్కలు, అర కిలో దాకా ఉన్నాయి. వాళ్లక్క కాన్పుకు వచ్చి ఇంకా ఇక్కడే ఉంది. ఆమె కూతురికి పది నెలలు, నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. ఆ సంచిని, ఆ పాపను, ఆ పేజీని కలిపి తలచుకున్నాక ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ముందుగా మెత్తటి ఎరల సంగతి చెబుతాను. మనం రబ్బరు పురుగు, రబ్బరు కప్ప అని పిలుచుకునేవి చాలా వరకు రబ్బరు కావు. వాటిని పోసే పదార్థం పేరు ప్లాస్టిసాల్. మెత్తటి పీవీసీ పొడిని, దాన్ని మెత్తబరిచే ఒక రకం చిక్కటి నూనెలో కలిపి ఉంచిన ద్రవం అది. మామూలు వేడిలో పల్చటి పాలలా ఉంటుంది. డబ్బాను నెలల తరబడి కదపకుండా ఉంచితే పొడి అడుగున పేరుకుంటుంది కాబట్టి వాడే ముందు అడుగు నుంచి బాగా తిప్పి కలపాలి. ఈ మాట వ్యాసంలో లేదు. కలపకుండా పైపైన వంచుకున్నవాడికి పొడి తక్కువ, నూనె ఎక్కువ అయి, ఎంత చల్లారినా చేతికి అంటుకునే బంక మిగులుతుంది. దాన్ని చూసి వేడి చాలలేదేమోననుకుని ఇంకా కాచడంతో అసలు తంటా మొదలవుతుంది.

కాచేటప్పుడు ఈ ద్రవం నడిచే తీరు వంట తెలిసినవాళ్లను కూడా తికమక పెడుతుంది. పాకం అయితే కాగేకొద్దీ చిక్కబడుతుంది. ప్లాస్టిసాల్ మాత్రం ముందు రాగి జావలా బిగిసి, ఉండలు కట్టి, చెడిపోయిందేమో అనిపిస్తుంది. నూనె పీవీసీ రేణువుల్లోకి ఇంకి అవి ఉబ్బుతున్న దశ అది. వేడి ఇంకా పెరిగి సుమారు 160 నుంచి 175 డిగ్రీల సెల్సియస్ మధ్యకు చేరాక ఆ రేణువులన్నీ ఒకదానితో ఒకటి కరిగి కలిసిపోతాయి. అప్పుడు మళ్లీ పల్చబడి, పాల తెలుపు పోయి, ఆముదంలా నిగనిగలాడుతుంది. అచ్చులో పోయవలసింది ఆ క్షణంలోనే. అంతకు ముందు పోస్తే ఎర పెళుసుగా విరిగిపోతుంది. అది దాటి కాస్తే 200 డిగ్రీల దరిదాపుల్లో పసుపు తిరిగి, తర్వాత గోధుమ రంగుకు మారి, ముక్కునూ గొంతునూ మండించే పొగ వదులుతుంది. పీవీసీలోని క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా బయటపడటమే ఆ మంట. తడి తగిలితే అదే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మరుగుదొడ్లు కడగడానికి వాడే ఆసిడ్ వాసన తెలిసినవాళ్లకు నేను ఇంతకంటే వివరించనక్కరలేదు. ఆ వాసన వచ్చిందంటే మంట ఆపి, గిన్నెను వదిలేసి, గాలి ఆడే చోటికి వెళ్లిపోవాలి తప్ప, కిటికీ తెరిచి పోత పూర్తి చేసుకుందామని చూడకూడదు.

కరిగిన దానికీ మాడిన దానికీ మధ్య ఉన్న తేడా పాతిక, ముప్పై డిగ్రీలే. మైక్రోవేవ్‌లో పెడితే గిన్నె అంచున పాలలాగే ఉన్న ద్రవం నడి మధ్యలో మాడిపోయి ఉండవచ్చు, అందుకే అర నిమిషానికి ఒకసారి తీసి కలపాలి, ప్రతిసారీ వేడి కొలవాలి. కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టిన తుపాకీ థర్మామీటరు ఇందుకు పనికిరాదు, అది ఒంటి వేడిని కొలవడానికి చేసినది. ఆ రోజుల నాటి గుడ్డ మాస్కు కూడా ఈ ఆవిరిని ఆపదు. ఇక ఒకసారి ప్లాస్టిసాల్ కాచిన మైక్రోవేవ్‌లో మళ్లీ అన్నం వేడి చేసుకోకూడదు. మెత్తబరిచే నూనె ఆవిరై లోపలి గోడలకు జిడ్డుగా పట్టి ఉంటుంది. గుడ్డతో తుడిస్తే పోయినట్టు కనబడుతుందే గాని పూర్తిగా పోదు. ఆ నూనెల్లో థాలేట్లు అనే రకానికి చెందినవి కొన్ని మగ పిల్లల జననేంద్రియాల ఎదుగుదలకు హాని చేస్తాయన్న కారణంతోనే ఐరోపా దేశాలు పిల్లల బొమ్మల్లో వాటి మోతాదును 0.1 శాతానికి కట్టడి చేశాయి. మన దేశంలోనూ 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు తప్పనిసరి అయింది. గాలపు ఎర బొమ్మ కాదు కాబట్టి దానికి ఆ గుర్తు ఉండదు. కానీ మెరుపులు చల్లిన ఎర్రటి మెత్తటి పురుగు నేల మీద దొరికితే, అది బొమ్మ కాదని పది నెలల పాపకు ఎవరు చెబుతారు?

వ్యాసంలో ఒక మూల పెట్టెలో, ప్లాస్టిసాల్ దొరకనివాళ్లు పాత పీవీసీ చెప్పులను ముక్కలు చేసి కరిగించుకోవచ్చునని కూడా ఉంది. దయచేసి ఆ పెట్టెను పూర్తిగా వెనక్కి తీసుకోండి. చెప్పులో ఏ పొడి, ఏ రంగు, ఏ రసాయనం కలిపారో చేసినవాడికే తెలుసు. పీవీసీ వేడికి చెడకుండా ఉండటానికి సీసపు లవణాలు కలపడం మన దేశంలో చాలాకాలం సాగిన పద్ధతి. పైపుల విషయంలో దాన్ని అదుపు చేయడానికి కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రత్యేకంగా నిబంధనలు తేవలసి వచ్చిందంటేనే సంగతి అర్థమవుతుంది.

ఈ పని పుట్టిందే వంటగదిలో కదా అని వ్యాసకర్త అనవచ్చు. ఆ మాట నిజమే. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, టైర్ల పరిశ్రమకు పేరుపడ్డ ఆక్రన్ పట్టణంలో, నిక్ క్రీమ్ అనే మెషినిస్టు తన భార్యతో కలిసి ఇంటి పొయ్యి మీదే వినైల్ అనే పీవీసీ రకం ప్లాస్టిక్‌ను, నూనెలను, రంగులను రకరకాల పాళ్లలో కాచి చూసి, నిజమైన వానపామును అచ్చు తీసి, 1949లో మెత్తటి ప్లాస్టిక్ పురుగును బయటికి తెచ్చాడు. ఈనాటి రబ్బరు పురుగులన్నిటికీ మూలపురుషుడు అదే. ఆయన ఓపికకు నేనూ దండం పెడతాను. అయితే 1949లో ఇళ్ల గోడలకు సీసం కలిసిన రంగులు పూసేవారు, పెట్రోలులో సీసం కలిపేవారు. ఆనాడు ఆ దంపతులకు తెలియని సంగతులు ఈనాడు మనకు తెలుసు.

వ్యాసంలో అన్నిటికంటే నన్ను కలవరపెట్టినది సీసం భాగం. దాని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

1986లో మేము తిరుపతిలోని బైరాగిపట్టెడలో ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. విసురు వలకు అంచున కట్టే సీసం గుండ్లు కొనడం దండగ అనిపించి, ఇంట్లోనే పోద్దామని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు చేశాను. మూడు రోజులు మిద్దె మీద ఎండలో పెట్టాను. చేత్తో తాకితే బొగ్గులా ఎండి ఉంది, గోటితో కొడితే ఖంగుమంది. వంటగదిలో కిరోసిన్ స్టవ్ మీద సీసం కరిగించి మొదటి రెండు గుండ్లు చక్కగా పోశాను. మూడోది పోస్తుండగా అచ్చులోంచి ఫట్‌మని శబ్దం వచ్చి సీసం పైకి చిమ్మింది. ఒక చుక్క నా ఎడమ మణికట్టు మీద పడింది. ఇంకొకటి ఎదురుగోడకు, బియ్యం డబ్బాకు జానెడు పైన, వెండి బిళ్లలా అంటుకుంది. మణికట్టు మీద చింతగింజంత మచ్చ ఇప్పటికీ ఉంది. అప్పటికి నేను పిల్లలకు ఇదే విషయం మీద పాఠం చెబుతున్న మనిషిని, తడి అచ్చులో లోహం పోయకూడదని బోర్డు మీద రాసిన మనిషిని. అచ్చు తడిగా లేదు కదా అన్నదే నా ధీమా.

పొరపాటు ఎక్కడ జరిగిందో తర్వాత కూర్చుని ఆలోచిస్తే గాని తెలియలేదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీళ్లు కలిపినప్పుడు గట్టిపడేది ఆరడం వల్ల కాదు, ఆ నీటిలో కొంత భాగాన్ని తన స్ఫటికాల్లోకి లాక్కుని జిప్సం‌గా మారడం వల్ల. అలా గట్టిపడిన జిప్సం బరువులో సుమారు 21 శాతం నీరే. ఎండలో ఎన్నాళ్లు పెట్టినా ఆ నీరు పోదు, ఎందుకంటే అది పైపై తడి కాదు, ఆ పదార్థంలోనే కట్టుబడి ఉన్న నీరు. 327 డిగ్రీల దగ్గర కరిగే సీసం, పోతకు సరిపడేలా దానికంటే ఇంకా వేడిగా వచ్చి తగిలినప్పుడు, ఆ కట్టుబడ్డ నీరు ఒక్కసారిగా విడుదలై ఆవిరి అవుతుంది. నీరు ఆవిరైతే దాని పరిమాణం 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. ఆ ఆవిరికి బయటికి వెళ్లే దారి సీసం పోసే రంధ్రమొక్కటే. మొదటి రెండు గుండ్లు సరిగా పడ్డాయంటే నా అదృష్టమే తప్ప అచ్చు బాగుండటం వల్ల కాదు. మీ వ్యాసంలో ‘అచ్చును రెండు రోజులు ఎండలో ఆరబెడితే చాలు’ అన్న వాక్యం చదివినప్పుడు నా చేయి దానంతట అదే మణికట్టు మీదికి వెళ్లింది.

అదే ప్లాస్టర్ అచ్చు మెత్తటి ఎరలకైతే పనికొస్తుంది. ప్లాస్టిసాల్ వేడి సీసం వేడిలో సగానికి కొంచెం ఎక్కువ. ఫెవికాల్‌ను నీళ్లతో పల్చగా కలిపి రెండు మూడు పూతలు పూసి, పూతపూతకూ ఆరనిస్తే లోపలి నుంచి బుడగలు రావడం చాలావరకు తగ్గుతుంది, ఎర కూడా నునుపుగా వస్తుంది. అక్కడ కూడా ఐసు నీళ్లతో జాగ్రత్త అవసరం. ఎరను చల్లార్చిన చేత్తోనే అచ్చును పట్టుకుంటే ఒక నీటి చుక్క లోపల ఉండిపోతుంది, తర్వాతి పోతలో అది బుడగై లేచి వేడి ద్రవాన్ని చేతి మీదికి చిమ్ముతుంది. ప్లాస్టిసాల్ నీళ్లలా జారిపోయేది కాదు, పడ్డ చోట అంటుకుని చల్లారే దాకా కాలుస్తూనే ఉంటుంది. నిండు చేతుల చొక్కా, తోలు చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఈ పనికి కూర్చోకూడదు.

చిమ్మడం కంటికి కనబడే ప్రమాదం. సీసంలో కనబడని ప్రమాదం ఇంకొకటి ఉంది. కరిగిన సీసం మీద బూడిద రంగులో, ఒక్కోసారి పసుపు రంగులో తెట్టు కడుతుంది. అది సీసపు ఆక్సైడు. గరిటెతో దాన్ని పక్కకు తీసినప్పుడు పొడిపొడిగా రాలి పొయ్యి గట్టు మీద, బర్నరు రంధ్రాల్లో, చొక్కా ముడతల్లో చేరుతుంది. సీసం పొగ గురించి భయపడేవాళ్లు కూడా ఈ పొడిని పట్టించుకోరు. ఇంట్లో జరిగే హానిలో ఎక్కువ భాగం దీని వల్లనే. గుడ్డతో తుడిచి, అదే గుడ్డతో పళ్లెం తుడిస్తే అది నేరుగా అన్నంలోకి చేరుతుంది. ఒంట్లో సీసానికి ఇంతవరకు ఫరవాలేదు అనదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంతే మోతాదు మింగినా పెద్దవాళ్ల కంటే పసిపిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుందని కూడా ఆ సంస్థే చెబుతోంది. అది వాళ్ల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, తర్వాత ఏ మందు వేసినా ఆ నష్టం తిరిగి పూడదు. అమ్మ నిద్రపోయే వేళ మూకుడులో సీసం కరిగించి, కడిగి మళ్లీ అదే చోట బోర్లించి పెట్టే కుర్రవాడికి ఈ సంగతి మీ వ్యాసంలో ఒక్క వాక్యంగానైనా ఉండవలసింది.

ఇక టైర్ల దుకాణాల నుంచి ఏరుకొచ్చే బరువులన్నీ సీసం కావు. కొన్ని ఇనుము, అయస్కాంతానికి అంటుకుంటాయి. కొన్ని జింకు, గోటితో నొక్కితే గీత పడదు. జింకు కరగడానికి దాదాపు 420 డిగ్రీలు కావాలి. అది తెలియక ఇంకా కరగలేదే అని మంట పెంచుతూ పోతే సీసం మరీ వేడెక్కి పొగ వదులుతుంది. పాత బ్యాటరీ పలకల జోలికి మాత్రం ఎవరూ పోవద్దు. వాటిలో ఆమ్లమూ సీసపు పొడీ ఉంటాయి, సీసానికి గట్టిదనం కోసం కలిపిన ఇతర లోహాలు కూడా ఉండవచ్చు. అది ఏ ఇంట్లోనూ చేయదగిన పని కాదు.

మరి జిగ్గు తల దేనితో పోయాలి? మన చిత్తూరు వైపు పాత ఇళ్లలో, ముఖ్యంగా తమిళనాడు సంబంధాలున్న కుటుంబాల్లో, చారు కాచుకునే ఈయపు చొంబు ఇప్పటికీ కనబడుతుంది. దానిలో నీళ్లో, పప్పుకట్టో ముందుగా పోయకుండా పొయ్యి మీద పెట్టకూడదని పెద్దవాళ్లు పదే పదే హెచ్చరించేవారు. మా అమ్మ ఒకసారి ఖాళీ చొంబును పొయ్యి మీద పెట్టి, పాలవాడు పిలిస్తే వాకిట్లోకి వెళ్లి వచ్చేసరికి చొంబు అడుగు కారిపోయి పొయ్యి రాళ్ల మధ్య వెండి ముద్దలా చేరింది. ఆమె దాని కోసం రెండు రోజులు బాధపడింది. ఆ ముద్దను నేను చాలా ఏళ్లు దాచుకున్నాను. తగరం 232 డిగ్రీలకే కరుగుతుందని, ఆ చొంబు తగరమని చదువుకున్నాక గాని నాకు అర్థం కాలేదు. జిగ్గు తలలకు నేను వాడేది ఈ తగరమే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. తమిళంలో తగరాన్ని వెళ్ళీయం అని, సీసాన్ని కారీయం అని అంటారు, రెంటిలోనూ ఈయం అన్న మాట ఉంది. అందువల్ల ఈయం అని చెప్పి ఎవరైనా పాత సామానులో అమ్మే ముక్క తగరమో సీసమో తెలియకుండా కొనకూడదు. ఇంటి చారు చొంబును కరిగించమని కూడా నేను చెప్పడం లేదు. ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే దుకాణంలో సీసం లేని సోల్డరు కడ్డీ (తీగలను అతికించడానికి కరిగించే లోహపు కడ్డీ) అని అడిగి తీసుకుంటే చాలు. అందులో బాగా వాడుకలో ఉన్న రకంలో 99 శాతానికి పైగా తగరమే ఉంటుంది, కొద్దిగా రాగి ఉంటుంది, 227 డిగ్రీలకు కరుగుతుంది. మామూలు సోల్డరు తీసుకుంటే మాత్రం అందులో దాదాపు 40 శాతం సీసమే. బిస్మత్ అనే లోహం 58 పాళ్లు, తగరం 42 పాళ్లు కలిపిన మిశ్రమం దొరికితే ఇంకా మేలు, అది 138 డిగ్రీలకే కరుగుతుంది, సిలికాన్ రబ్బరు అచ్చులో నిశ్చింతగా పోయవచ్చు. ధర సీసం కంటే చాలా ఎక్కువ, ఆ సంగతి దాచను. కానీ తగరం సీసం కంటే తేలిక. 10 గ్రాముల సీసపు తల వచ్చే అచ్చులో తగరం పోస్తే సుమారు 6.4 గ్రాములే పడుతుంది. సోల్డరు కడ్డీ ఒకటి కొంటే ఒక ఏడాదికి సరిపడా తలలు వస్తాయి.

తేలిక కావడం మన చెరువుల్లో లోపం కాదు, నన్నడిగితే లాభమే. వ్యాసకర్త చెప్పిన 20 గ్రాముల సీసపు జిగ్గు లోతైన జలాశయాల్లో అడుగున ఎగరవేసి ఆడించడానికి పనికొస్తుందేమో గాని, తూటికాడ, గుర్రపుడెక్క అల్లుకున్న మన చెరువుల్లో అది మొదటి విసురుకే తీగల్లో చిక్కుకుంటుంది. కొర్రమీను గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చే చేప, కప్ప కోసం ఆకుల అంచునే కాచుకుని ఉంటుంది. దానికి బరువు అసలే అక్కరలేదు. ముల్లు మొనను మెత్తటి ఎర ఒంట్లోకి దాచి గుచ్చి, బరువేమీ కట్టకుండా ఆకుల మీదుగా నెమ్మదిగా లాగితే చాలు. ఎర్రటి కొర్రమీను పిల్లల గుంపు నీటి మీద ఉడుకుతున్నట్టు కదిలే చోట మాత్రం ఎర వేయకండి, పిల్లల్ని కాచే తల్లీతండ్రీ కోపంతో ఎరను కొడతాయి, వాటిని పట్టేస్తే ఆ పిల్లలను వేరే చేపలు మింగేస్తాయి.

మరి ప్లాస్టిసాల్ కొనలేని, అసలు ఏదీ కాచకూడని చిన్నపిల్లలకు ఏం చెప్పాలి? నాటు కోడిపుంజు మెడ మీది పొడవాటి ఈకలు, సైకిలు ట్యూబు నుంచి సన్నగా కత్తిరించిన పీలికలు, కొంచెం ఎర్ర దారం, ఇవి ఉంటే చాలు. ముల్లు కాడకు ఈకల మొదళ్లను దారంతో బిగించి చుట్టి, ముడి మీద ఒక చుక్క జిగురు వేస్తే జిలేబి చేపలు ఎగబడి పట్టే ఎర తయారవుతుంది. పక్కింటి అబ్బాయికి నేను బుధవారం సాయంత్రం పెరట్లో కూర్చోబెట్టి నేర్పింది ఇదే. మొదటిది చీపురుకట్టలా వచ్చింది. మూడోది నా దానికంటే బాగుంది. టైర్ల బరువుల సంచిని మూతి కట్టి పాత సామాను అబ్బాయికి ఇచ్చేశాం.

చెరువులో మనం పోగొట్టుకునే సీసం ఏమవుతుందన్న ప్రశ్న కూడా వ్యాసంలో ఎక్కడా రాలేదు. తీగకు చిక్కి తెగిపోయిన జిగ్గు నీళ్లలో కరగదు, కుళ్లదు. నీటి పక్షులు మేతను నలగగొట్టుకోవడానికి చిన్న రాళ్లను ఏరుకుని మింగుతాయి. ఆ రాళ్లతో పాటు సీసపు గుండ్లను మింగిన హంసలు ఇంగ్లండులో పెద్ద ఎత్తున చనిపోవడం గమనించే, 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల వరకు ఉన్న గాలపు సీసం బరువుల అమ్మకాన్ని బ్రిటన్ 1987లో నిషేధించింది. పులికాట్‌కు రాజహంసలు, నేలపట్టుకు గూడబాతులు వచ్చే జిల్లా మనది. వాటిని చూడటానికి సూళ్లూరుపేట దాకా పిల్లల్ని బండి ఎక్కించి తీసుకెళ్తున్న మనమే వాటి మేత నీళ్లలో సీసం పడేయడం ఏమి న్యాయం? మెత్తటి ఎరలకూ ఇదే వర్తిస్తుంది. చిరిగిన ఎరను గట్టున పారేయకుండా జేబులో వేసుకుని తెచ్చుకుంటే, ముక్కలు చేసి తర్వాతి పోతలో కలుపుకోవచ్చు. పోసేటప్పుడు ఉప్పు కలిపిన ఎరలను మాత్రం వేరుగా కరిగించాలి. మెత్తటి ఎరలను గట్టి ప్లాస్టిక్ పెట్టెలో కాకుండా పాలిథిన్ కవరులో దాచాలి. లేకపోతే ఎరలోని నూనె కొన్ని రకాల పెట్టెలను కరిగించి రెండూ ఒక్క ముద్ద అవుతాయి, ఇది నా పెట్టె నేర్పిన పాఠం. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకార సహకార సంఘాలు లీజుకు తీసుకుని ఉంటాయి కాబట్టి, గాలం వేసే ముందు వాళ్లను ఒక మాట అడగడం మర్యాద కూడాను.

సంపాదకులు గారూ, ఆ వ్యాసాన్ని తప్పుపట్టి పక్కన పెట్టండని నేను కోరడం లేదు. దాన్ని చదివి ఉత్సాహపడిన పిల్లలు ఈపాటికే సామాను సమకూర్చుకుని ఉంటారు కాబట్టి, వచ్చే ఆదివారం అనుబంధంలో, అంతే పెద్ద అక్షరాలతో, ఈ సవరణను ప్రచురించవలసిందిగా కోరుతున్నాను: ఎరలు పోసే పని ఇంటి బయట, గాలి ఆడే చోట, వంటకు ఎప్పటికీ వాడని గిన్నెలతో, వేడి కొలిచే సాధనంతో చేయాలి, సీసాన్ని ఇంట్లో కరిగించకూడదు, దాని బదులు తగరం వాడాలి, ప్లాస్టర్ అచ్చులో సీసం ఎన్నడూ పోయకూడదు, పీవీసీ చెప్పులు కరిగించమన్న సూచనను ఉపసంహరించుకుంటున్నాం. వ్యాసకర్తకు అభ్యంతరం లేకపోతే, తగరం పోతను, సిలికాన్ అచ్చు తయారీని దశలవారీగా ఫొటోలతో చూపించే రెండో వ్యాసానికి నా పెరడు, నా పనిముట్లు, నా మణికట్టు మీది మచ్చ, అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

భవదీయుడు,
ఒక విశ్రాంత మౌల్డర్ ట్రేడ్ బోధకుడు,
తిరుపతి